నాలుగు కిటికీల గొంగడి

వడ్రంగి రూప్‌సింగ్ కిటికీ రెక్కలోంచి ఆఖరి మేకు పీకి జేబులో వేసుకున్నాడు. పాత అద్దాన్ని రెండు అరచేతులతో దించి గోడకు ఆనించాడు. ఆ కిటికీది ఎండకు నల్లబడిన టేకు రెక్క. మందం అంగుళంపావు. పక్కనే పెట్టెలో చప్పుడు ఆపుతుందని తెప్పించిన కొత్త జంట అద్దం. దాని మందమే ముప్పావు అంగుళం.

"గాడి లోతుగ కొయ్యి, కూసుంటది," అన్నాడు ఇంటి యజమాని జగన్మోహనరావు.

రోడ్డవతల రైస్‌మిల్లు హోరెత్తుతోంది. గదిలో ఆయన కూతురు వైశాలి చెవుల్లో దూది పెట్టుకొని చదువుతోంది. ఎంసెట్‌కు పది రోజులే ఉంది.

"నేను కొయ్య సార్. అతుకులు తెగుతయి. గా బరువుకు నెల తిరగకముందే రెక్క ఊడుతది."

"అయితే నిజామాబాద్ మనిషిని పిలుస్త. గీ చెక్కలన్ని పీకి అల్యూమినియం పెడ్తడు."

"పిలువుండ్రి. గాయన వచ్చేదాక ఒక్క కిటికీ నాకియ్యుండ్రి."

'తండా పిలగానికి ఉలేందిరా' అని నలభై ఏళ్ల కింద బాన్సువాడ వడ్రంగులు నవ్వినప్పుడూ అతను వాదించలేదు. తలుపు చేసి నిలబెట్టాడు.

పక్క కిటికీ మూసి, సందు దగ్గర అగరుబత్తి పట్టాడు. పొగ లోపలికి వంగింది.

"చూసిన్రా? చప్పుడొచ్చేది అద్దంలకెల్లి కాదు, సందులకెల్లి."

తాను వెంట తెచ్చిన మందపాటి ఒంటి అద్దం బిగించి పుట్టీ పెట్టాడు. రెక్క అంచును రందాతో నునుపు చేశాడు. సంచిలోంచి నల్ల గొంగడి పేలిక తీసి చౌకట్టు చుట్టూ కొట్టాడు. నాలుగు మేకులకోసారి దగ్గు. దగ్గినప్పుడల్లా చౌకట్టు పట్టుకొని నిలబడ్డాడు. మధ్యాహ్నానికి రెక్క మూశాడు. మిల్లు హోరు పక్క దొడ్లో ఆవు నెమరేస్తున్నట్టు వినబడింది.

వైశాలి దూది తీసేసింది. "తాతా, ఏం మాయ చేసినవ్!"

జగన్మోహనరావు రెక్కను రెండుసార్లు తెరిచి మూశాడు. "మిగిలిన మూడు రేపు చెయ్యి."

"పొద్దుగాలనే వస్త."

సాయంత్రం పిట్లం బస్సు తండా దగ్గర ఆగింది. కండక్టర్ రెండుసార్లు కేకేశాడు. కిటికీకి తల ఆనించిన రూప్‌సింగ్ లేవలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక జగన్మోహనరావు తండాకు వెళ్లాడు. గడపలో రూప్‌సింగ్ భార్య చాంద్రి కూర్చొని ఉంది. ఆయనను చూసి ఆమె లోపలికి వెళ్లి సంచి తెచ్చింది.

"మీ కిటికీలు కొలుసుకొచ్చి, పనికొచ్చే ముందురోజే కప్పుకునే గొంగడి కోసిండు సార్. వాళ్లింక ఒప్పుకోనే లేదు గద, ఏం తిక్క నీకు అని కొట్లాడిన. ఒప్పుకుంటరు తియ్యి అన్నడు."

సంచిలో మూడు పేలికల చుట్టలు. ఒక్కోదానికి దారంతో ముడి, నల్లటి ఉన్ని మీద సుద్దతో అంకె: రెండు, మూడు, నాలుగు.