చివరి వరుసలో అడిగింది

ప్రశ్న చదవలేదమ్మా నువ్వు, అంతే, అన్నారు కదా గోవిందరాజులు గారు, అమలాపురం ఆడిటరు, మార్కుల కాగితాన్ని తడిగుడ్డలా రెండు వేళ్లతో పట్టుకుని, ఆరోసారీ అదే మాట, మరి చదవకుండానే మూడు గంటలు ఏం రాసిందట శారోన్, అడిషనల్ షీట్లు రెండు తీసుకుని దారం కట్టి మరీ ఇచ్చిందే, గోదారి దాటించే పంటు ఇంకా కదల్లేదు, సఖినేటిపల్లి రేవులో ఇంకో రెండు మోటారు సైకిళ్లు ఎక్కాలట, అంతా డీజిలు వాసన, ఒళ్లో నాలుగు లావు పుస్తకాలు, అవతల నరసాపురంలో దిగి తెలిసినమ్మాయి అనితకిచ్చేస్తే పీడా పోతుంది, అనిత ఈ ఏడే ఈ ఖర్చుల లెక్కల పరీక్షకు, కాస్టింగుకు, కట్టింది, పాపం, కట్టనీ, సంచిలో ఇంకో కాగితం ఉంది, ఏడోసారికి దరఖాస్తు, రేపటితో గడువు సరి, దాన్ని నరసాపురం పోస్టాఫీసులో వెయ్యాలా, గోదాట్లో వెయ్యాలా, ఒడ్డు చేరేలోపు తేల్చుకోవాలి, తేల్చుకోవడానికేముంది, గోదాట్లోనే.

లెక్క రాదా తనకు, రాదని ఒప్పుకుంటే పోయేది, ఆయన ఆఫీసులోనే రెండున్నరేళ్లుగా పద్దులన్నీ చూస్తోంది, కొబ్బరి పీచు మిల్లులో సరుకు ఎక్కడ తరిగిపోతోందో వేలుపెట్టి చూపించింది, ఆ రోజు శభాష్ అన్న మనిషే ఇవాళ కళ్లజోడు పైకి తోసుకుని, ఇదిగో చూడమ్మా, నష్టం ఎంతో లెక్క కట్టమన్నాడా ప్రశ్న ఇచ్చినవాడు, లేదే, నష్టం వాడే ఇచ్చేడు, ఆ శాఖ మూసెయ్యాలా నడపాలా, మేనేజరుకు సలహా రాయమన్నాడు, ఎక్కడ, అదిగో అట్టడుగు వరుసలో, నువ్వు అక్కడిదాకా వెళ్లనే లేదు, అంకెలు కనపడగానే పలుపు తెంపుకున్న దూడలా పరిగెత్తేవు అని నవ్వారు, ఒళ్లు మండిపోయింది, ఇది లెక్కల పరీక్షా ఇంగ్లీషు చదివే పరీక్షా, పావు పేజీ లెక్కకు పేజీన్నర కథ ఎందుకు, ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు ఎవడిక్కావాలి, ఇంగ్లీషులో రాయి లేదంటే హిందీలో రాయి అంటాడు, తెలుగులో ఆలోచించేవాళ్లు ఎక్కడికి పోవాలి, మా తాతలు మీ చేలో వంగి కోతలు కోస్తుంటే మీ తాతలు కాకినాడలో ఇంగ్లీషు చదివేరండి, ఆ తేడాకేనా మార్కులేసేది, అనేసింది, నోరు జారి కాదు, కావాలనే అంది, ఆయన కోప్పడలేదు, అదే ఇంకా మంట, టీ చల్లారిపోతోంది తాగమ్మా అన్నారు, నువ్వన్నది అబద్ధం కాదు, కానీ లెక్క తెలిసినోళ్లు బోలెడుమంది ఉన్నారు, అవతలివాడు అడిగిందేంటో తెలిసినోడి సంతకానికే విలువ అన్నారు, విలువట, అడిగే పద్ధతి మీది, భాష మీది, విలువ మీది, తప్పు మాత్రం మాది.

పంటు కదిలింది, ఇంజను దడకి పలకలు వణుకుతున్నాయి, రొయ్యల గంప కాళ్ల దగ్గర పెట్టుకున్న ఆవిడ ఇందాకట్నుంచీ పుస్తకాల వంకే చూస్తోంది, ఏవమ్మాయ్, అంతేసి లావున్నాయి, అన్నీ చదివేసేవా అంది, ఆయ్, చదివేనండి, మరైతే ఉద్యోగం ఎప్పుడిస్తారు, ఇవ్వరండి, ఓర్నాయనో, మరి మొయ్యడానికా చదివింది అని గంప మీద తడి గోనె సర్దుకుంటూ నవ్వింది, శారోన్‌కూ నవ్వొచ్చింది, చాలా రోజులకి, ఆవిడ నవ్వులో ఎగతాళి లేదు, తమ పేటలో అమ్మలక్కల నవ్వే అది, సాయంత్రం ప్రార్థనకి చాపలు పరుచుకుంటూ నవ్వే నవ్వు, ఇంటింటికీ వంతులవారీగా ప్రార్థన, మనిషికో బైబిలు వచనం చొప్పున చుట్టూ తిరుగుతుంది వాక్యం, చిన్నప్పుడు తనేం చేసేది, తన ముందు ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టుకుని తన వంతుకి ఏ వచనం పడుతుందో వేలితో పట్టుకుని దాన్నే లోపల నాలుగుసార్లు చదువుకునేది, మిగతావాళ్లు ఏం చదివారో చెవికెక్కేదే కాదు, తనది గడగడా చదివేసి హమ్మయ్య అనుకునేది, నాన్నగారు, పేట బడిలో ముప్పయ్యేళ్లు చెప్పిన రత్నం మాస్టారు, చాప చివర కూర్చుని అంతా కనిపెట్టేవారు, నీ వచనం బాగా చదివేవమ్మా, అధ్యాయం ఏం చెప్పిందో చెప్పు అనేవారు, తను మళ్లీ తన వచనమే చెప్పేది, పాఠం మొత్తం వినాలమ్మా, ముక్కలో ఏముంటుంది అనేవారు.

నాన్నగారు, మళ్లీ ఆయనే, ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది, ఏడుపు తర్వాత, ఎందుకు దాచారు, తొంభై తొమ్మిది క్రిస్మస్‌కి ముందు, మొదటిసారి పరీక్షలు రాసి రాజమండ్రి హాస్టలు నుంచి తను వచ్చేసరికి పెద్దాసుపత్రి మంచం మీద ఉన్నారు, మాట పడిపోయింది, ఊపిరితిత్తులు రెండూ పోయాయన్నారు, ఆ కళ్లు మాత్రం తనని వదల్లేదు, ఏదో అడుగుతున్నట్టే చూశాయి, పరీక్ష గురించే అనుకుంది, బాగా రాసేను నాన్నగారూ, పాసైపోతాను అంది, రెప్పలు వాల్చేసుకున్నారు, నాలుగో రోజు పోయారు, సమాధుల తోట నుంచి వచ్చాక ఆయన బైబిల్లో దొరికింది కాగితం, ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసిన చోట ఇచ్చింది, నవంబరు తారీఖు, ఇంగ్లీషులో నాలుగే వరుసలు, శారోన్ నిలబడి నిమిషంలో చదివేసింది, చివరి వరుసలో ఉంది, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలని, అమ్మ దీనమ్మ గోడకు తల కొట్టుకుంది, ఒక్కరికి, ఒక్కరికన్నా చెప్పుకోలేదే నా తండ్రి, నోరెత్తకుండా దాచుకున్నాడే అని, మూడేళ్లుగా అమ్మది అదే పాట, తనదీ అదే కోపం, ఇంత చదువుతున్న కూతుర్ని పెట్టుకుని ఎందుకు దాచారు.

సరే, పుస్తకాల అట్టలు తీసెయ్యాలి, అట్టల మీద తన పేరుంది, కింద ఆరు పరీక్షల తారీఖులున్నాయి, అనిత చూస్తే జంకుతుంది, మొదటి పుస్తకం బ్రౌన్ అట్ట గోరుతో ఊడదీసింది, లోపలి మడతలోంచి నీలం ఇన్‌లాండ్ కవరు జారి ఒళ్లో పడింది, నాన్నగారి రాత, రాజమండ్రికి వచ్చిందే, ఆ రోజుల్లో రఫ్ కాగితం అయిపోతే చేతికందిన దాని మీద లెక్క వేసేసేది, దీని మీదా వేసింది, పెన్సిలుతో, వెనక మూడో మడత నిండా అడ్డదిడ్డంగా నష్టం లెక్క, మొదటి వరుసలు చూడక్కర్లేకుండానే వస్తాయి, చిరంజీవి శారోన్‌కు ప్రభువు నామమున దీవెనలు, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం కోరుతున్నాను, ఆ మాట దగ్గరే మడిచేసి ఉంటుంది ఆ రోజు, క్షేమమే కదా, తర్వాతంతా గుడి రేకులు, పాస్టరుగారి బదిలీ, నల్లావు ఈనింది, ఆయన ఉత్తరాలన్నీ అంతేగా, మన ఇళ్లల్లో ఎవరు మాత్రం సొంత బాధ ముందు చెప్పుకుంటారు, ఊరి కబుర్లన్నీ అయ్యాకే, లేచి వెళ్లబోతూ గుమ్మంలో చెప్పుకుంటారు, ఇది మాత్రం మూడో మడతలోకి వచ్చిందే, ఎప్పుడూ రెండింటితో సరిపెట్టేవారు, పెన్సిలు గీతల కింద నీలం సిరా ఉంది, అక్షరాలు సన్నగా, చోటు చాలనట్టు, శారోన్ కాగితం వెలుతురుకు పట్టుకుంది, అంకెల సందుల్లోంచి ఒక్కో మాటా పైకొచ్చింది, అమ్మకు చెప్పలేదు, దగ్గితే నెత్తురు పడుతోంది, ఫోటో తీసి కాగితం ఇచ్చారు, అంతా ఇంగ్లీషు, నాకు అర్థం కావడం లేదు, నువ్వు చదవగలవు, పరీక్షకు ఇబ్బంది లేకపోతే ఒక్క ఆదివారం వచ్చి చదివి పెడతావా తల్లీ.

చదివి పెడతావా, ఆ కళ్లు అడిగింది ఇదా, తను చెప్పిన జవాబు ఏమిటి, బాగా రాసేను నాన్నగారూ, రాజమండ్రి నుంచి రెండు బస్సులు, మూడున్నర గంటలు, కాగితం నాలుగు వరుసలు, నిమిషం, ఇంగ్లీషు అడ్డం రాలేదు అక్కడ, ఆయన రాసింది తెలుగు, పలక మీద తనకు దిద్దించిన తెలుగు, ఆడిటరు గారి మీద కక్ష అలాగే ఉంది, ఆ పరీక్ష అన్యాయం అలాగే ఉంది, అవి రెండూ నిజమే, కానీ దీనికి అవి అక్కరకు రావు, పంటు ఒడ్డుకి తగిలి కుదిపింది, గంప నెత్తికెత్తుకుంటూ ఆవిడ, దిగమ్మా, ఏడుస్తున్నావేంటి, ఏం రాసుంది అందులో అంటోంది, నాన్నగారు దాచలేదండి అంది శారోన్, పైకే అంది, ఆవిడకి అర్థం కాలేదు, సంచిలో దరఖాస్తు ఉంది, పోస్టులో వెయ్యొచ్చు, ఏడోసారి రాయొచ్చు, ఎనిమిదోసారీ రాయొచ్చు, ఎన్నిసార్లయినా రాయనిస్తారు వాళ్లు, నాన్నగారు అడిగింది ఒక్కసారే.