చల్లటి పలక

దీపం కింది ఇనుప పలకను పెంగ్ దావ్‌షున్ మెత్తటి గుడ్డతో ఇంకోసారి తుడిచాడు. చిన్న పట్టకారుతో గాజుముక్కను ఎత్తి పలక మీద పెట్టాడు. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. దాని మీద నీలిసిరా పూసినట్టు పలుచటి పొర, ఆ పొర మీద సన్నటి వెండి చారలు. సూదులు చారలకు తగిలేలా దించి మీట నొక్కాడు. ఎండలాంటి వెలుగు పడింది. పక్కన కంప్యూటర్లో ఒక గీత లేచి, వంగింది. ఇంకో ముక్క. మళ్లీ మీట.

కిటికీల్లేని గది. వుహాన్ జూలై ఉక్కంతా అందులోనే ఉన్నట్టుంటుంది. ఏసీ వేస్తే దీపం వెలుగు నిలకడ తప్పుతుందని వెయ్యనివ్వరు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంటుంది. మోకాళ్లు పట్టేస్తే బల్ల పట్టుకుని లేస్తాడు.

పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ముప్ఫై ఏళ్లు చేశాడు. అది మూతపడ్డాక ఈ యూనివర్సిటీలో నీళ్ల గొట్టాలు చూసే పనికి చేరాడు. ఎవరో మానేస్తే దీపం కింద గాజుముక్కలు కొలిచే ఈ పని కూడా అతనికే అంటగట్టారు. "దీపం దగ్గర కూర్చుని కూర్చుని పురుగైపోతావు" అంటుంది భార్య చున్‌మెయ్. అతను నవ్వడు, బదులు చెప్పడు. ఎప్పుడూ అంతే.

ఎండ నుంచి కరెంటు తీసే పొరలు తయారుచేసే ఈ మేడలో అందరి బాధా ఒక్కటే. పడ్డ ఎండలో ఎంతో శక్తి ఆ నీలిపొరలోనే ఇంకిపోతుంది, వోల్టేజీగా బయటికి రాదు. ఆ నష్టాన్ని వెంట్రుకవాసి తగ్గించడానికి ఇక్కడ చదివే పిల్లలు ఏళ్ల తరబడి రంగులు మారుస్తారు, ద్రావకాలు మారుస్తారు, మెట్ల మీద కూర్చుని ఏడుస్తారు. షూ వాన్‌టింగ్ నాలుగేళ్లు ఏడ్చింది. తామరదుంపలు పండించే ఇంటి పిల్ల. పోయిన నెల ఆమె పొరలో నష్టం ఎవరికీ తగ్గనంత తగ్గింది. ప్రొఫెసర్ కాంగ్ కేకు తెప్పించాడు. మొదటి ముక్క ఆమె పెంగ్ చేతిలో పెట్టింది.

"మీ చెయ్యి మంచిది మామా!"

అతను తిన్నాడు. ఆ మాట ఇంటికెళ్లి చున్‌మెయ్‌కి కూడా చెప్పాడు. అతను తనంతట తాను కబురు చెప్పడం ఆమె ఎన్నేళ్లకో విన్నది.

ఈ సాయంత్రం రైలుకి వాన్‌టింగ్ బీజింగ్ వెళ్తోంది. అక్కడ పెద్ద సభలో ఈ సంగతే చెప్పాలి. వెళ్లేముందు కొత్త ముక్కలు కొలిపించుకుందామని వచ్చింది. జుట్టు కత్తిరించుకుంది, కొత్త బూట్లు కరుస్తున్నాయని కుంటుతోంది.

"బాగా రావాలి మామా. ఇవి చూపించి గొప్పలు పోతాను."

గీత లేచింది. వంగాల్సినదానికంటే ముందే వంగింది. ఇంకో ముక్క. అంతే. ఆమె పరుగెత్తి, పోయిన నెల దాచిన ముక్కనే తెచ్చింది. అదీ అంతే. నాలుగేళ్ల కిందటి పాత నష్టమే.

"చచ్చిపోయిందా నా పొర?" ఆమె వెంటనే వంగి పలక కింద మెరిసే అంకె చూసింది. "పలక చల్లబడితే వోల్టేజీ దొంగగా పెరుగుతుంది. కానీ ఇది ఇరవై ఐదు డిగ్రీల్లోనే ఉందిగా. సరిగ్గానే ఉంది."

పెంగ్ చేతిలో పట్టకారు ఆగిపోయింది.

ఇవాళ ఇరవై ఐదులో ఉంది. పొద్దున ఎవరో పెద్దమనుషులు గది చూడ్డానికొస్తారంటే తానే తిప్పి పెట్టాడు. ఎండలు ముదిరినప్పటి నుంచీ అది పదిహేనులో ఉంటోంది. పలకకు చల్లనీళ్లు పంపే పెట్టె బల్ల కింద ఉంటుంది. చున్‌మెయ్ కాచి ఇచ్చే పెసల జావ సీసాను ఆ గొట్టానికి కట్టి, పెట్టె మీట కిందికి తిప్పేవాడు. మధ్యాహ్నానికి జావ పళ్లు జివ్వుమనేంత చల్లబడేది. ఇరవై ఐదు దాటనివ్వొద్దన్నది యంత్రం వేడెక్కకుండా పెట్టిన నియమం అనుకున్నాడు. పంపుల ఫ్యాక్టరీలో చల్లగా ఉండి చెడిపోయిన యంత్రాన్ని అతను చూడలేదు.

వాన్‌టింగ్ ఫోనులో ప్రొఫెసర్‌తో అంటోంది. "లేదండీ, కొలతలో తప్పు లేదు. పెంగ్ మామ కొలిచాడు. ఆయన చేతిలో తప్పు రాదు. ఈ ముక్కలే పాడయి ఉంటాయి. పాత అంకెలే చెప్తాను."

పెంగ్ పట్టకారు బల్ల మీద పెట్టాడు. చెవులు కాలాయి. నోరు మూసుకుంటే ఆమె రైలెక్కేస్తుంది. సభలో పాపం ఏమీ ఎరగకుండా నిలబడి అబద్ధం చెబుతుంది. రేపో మాపో ఇంకెవరో కొలిచి, ఈ పిల్ల దొంగ అంటారు.

ఆమె లిఫ్టు దాకా వెళ్లిపోయింది. అతను కుంటుకుంటూ వెనకే వెళ్లాడు.

"అమ్మాయ్."

"త్వరగా మామా, టాక్సీ వచ్చేసింది."

"పోయిన నెల పలక చల్లగా ఉంది. నేనే తిప్పాను."

"ఎందుకు?"

అతను నేలకేసి చూశాడు. "జావ కోసం."

"ఏ జావ?"

"పెసల జావ. చల్లబడాలని."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆమెకు నవ్వు లాంటిదేదో వచ్చి, సగంలో విరిగింది. తన చక్రాల సూట్‌కేసు మీద కూర్చుండిపోయింది.

"నేనూ తాగాను కదా మామా," అంది. "ఐసు ఎక్కడ దొరికిందని అడిగాను కూడా. మీరు నవ్వి ఊరుకున్నారు."

ఆ రోజు నవ్వినందుకు అతనికి ఇప్పుడు సిగ్గేసింది. ఆమె తిడితే నిలబడగలిగేవాడు. ఆమె తిట్టలేదు. ఫోను తీసి, "కొలతలో తప్పు జరిగిందండీ. వెళ్లడం లేదు. తప్పు నాదే, నేను సరిచూసుకోలేదు," అంది. అవతల ప్రొఫెసర్ అరుపు అతని దాకా వినిపించింది. "నాలుగేళ్లుగా ఇదేనా నువ్వు నేర్చుకున్నది?" అంటున్నాడు. పెంగ్ ఫోను కోసం చెయ్యి చాచాడు. ఆమె అటు తిరిగిపోయింది. చాచిన చెయ్యి ఏంచెయ్యాలో తెలియక అలాగే ఉంది.

ఆమె కరిచే బూట్లు విప్పి చేత పట్టుకుని మెట్లు దిగి వెళ్లింది.

పెంగ్ మొదట ప్రొఫెసర్ గదికి వెళ్లాడు. తలుపు దగ్గరే నిలబడి, "తిప్పింది నేను. ఆ పిల్ల కాదు," అన్నాడు. రేపటి నుంచి రానని కూడా అన్నాడు. కాంగ్ తలెత్తి చూశాడు. ఉండమని అనలేదు.

గేటు బయట సామాన్ల కొట్టుకి వెళ్లి వేడి కొలిచేది ఒకటి అడిగాడు. పసిపిల్లల స్నానం నీళ్లలో వేసే రకమే ఉంది. నీలం ప్లాస్టిక్ చేప, పొట్టలో ఎర్రగీత.

"మనవడికా తాతా?" అంది కొట్టు మనిషి. "మరీ చల్లటి నీళ్లు పొయ్యకండి, పాపం!"

"పొయ్యను," అన్నాడు.

మళ్లీ మెట్లెక్కి, దీపం ఆర్పి, ఇకపై కొలిచేవాళ్లకు కనిపించేలా చేపను పలక మీద పెట్టి, తాళంచెవి తలుపుకే వదిలేసి వెళ్లిపోయాడు. దారంతా గుప్పిట్లో పట్టుకొచ్చిన చేప అది. అతని అరచేతి వేడికి పైకెక్కిన ఎర్రగీత, చీకటి గదిలో మెల్లగా దిగుతూ ఉంది.