నడిమి కొయ్య మీది పీపా

మావారు సాంబశివరావు గారు విశాఖపట్నం షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్. కంప్యూటర్ల ఊపు మొదలయ్యాక, కాగితం మీద గీసే ఓడల్నే తెర మీద గీయడానికి సింగపూర్ సైన్స్ పార్కుకి వచ్చారు. రోజంతా మౌసు పట్టుకుంటే పని చేసినట్టే ఉండదనేవారు. అందుకే క్లెమెంటిలో మా ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద, కర్రతో ఓడ కట్టడం మొదలుపెట్టారు. ఉత్తర ధ్రువ సముద్రంలో తిమింగలాల్ని వేటాడిన పాత ఓడ అది.

నేను స్కూలు పిల్లల కాంపోజిషన్లు దిద్దుతుంటే ఆయన దాని కథ చెప్పేవారు. మంచు గుద్దినా పగలకుండా ముందుభాగంలో మందపాటి కర్ర వేశారట. మొదట తెరచాపలే. తర్వాతి యజమాని ఆవిరి యంత్రం పెట్టించాడు. తిమింగలాలు తగ్గాయి, దీపాలకు వాటి నూనె బదులు కిరోసిన్ వచ్చింది, ఓడ సీల్ జంతువుల చర్మాల వేటకి మళ్ళింది. ఆపైన ధ్రువాన్ని వెతికేవాళ్ళు కొని, కొవ్వు నిల్వచేసిన చోటే పడక గదులు కట్టించుకున్నారు. వాసన మాత్రం పోలేదు. చివరికి బొగ్గు మోసింది. యంత్రం పాడయ్యాక ఏదో రేవులో బొగ్గు గోదాముగా ఉండిపోయింది. పిల్లలు దాని మీంచి నీళ్ళలోకి దూకేవాళ్ళట.

"ప్రతి యజమానీ ఏదో ఒకటి మార్చాడు. ఒక్కసారైనా అలిగిందా?" అని నవ్వేవారు.

మార్చి నెలలో ఆయన పోయారు. గుండెపోటు.

ఓడకి మిగిలింది ఒక్క పీపా. తెరచాపలు కట్టే మూడు కొయ్యల్లో నడిమి కొయ్య చివర ఉండాలి. అందులో నిలబడ్డ మనిషి తిమింగలం చిమ్మే నీళ్ళు చూసి కేక వేస్తాడు. బొటనవేలి గోరంత పీపాని ఆయన చేసి గిన్నెలో పెట్టారు. నేను అంటించబోయాను. జిగురు సీసా మూత తీసి, తిరిగి బిగించాను. పీపాని మళ్ళీ గిన్నెలోనే పెట్టేశాను.

ఒక ఆదివారం అఖ్తర్, అతని భార్య అజ్రా వచ్చారు. అఖ్తర్ ఆఫీసులో మావారి పక్క సీటు.

"ఆంటీ, అంకుల్ ఓడని ఆయన టేబుల్ మీద పెడ్దామని అందరం అనుకున్నం. ఇస్తరా?"

ఇవ్వడం కష్టం కాదు. సగంలో ఉన్నది ఇవ్వలేను. ఇంకొకరు దాని మీద చెయ్యి వెయ్యడం అసలే ఇష్టం లేదు. గిన్నెలోని పీపా చూపించి ఆ మాటే చెప్పాను.

"నేను జాగ్రత్తగ అంటిస్త ఆంటీ."

"ఈయనా!" అంది అజ్రా. "ఇంట్ల బల్బు గూడ నేనే మారుస్త ఆంటీ. కీబోర్డ్ తప్ప ఇంకోటి పట్టిండా ఎప్పుడన్న?"

"ఆ కీబోర్డ్ గూడ అంకుల్ ఖరాబ్ చేసిండు కద. దసరాకి కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, టేబుల్ మీదనే కొబ్బరికాయ కొట్టిండు. నీళ్ళన్నీ అండ్లకే!"

ఆ సంగతి నాకు తెలియదు. ఇంట్లో చెప్పలేదు. ఆయన మొహం ఎలా పెట్టి ఉంటారో ఊహించుకుని నవ్వాను. గిన్నె అఖ్తర్ ముందుకు జరిపి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి పీపా ముందు కొయ్య మీద ఉంది. జిగురు ఆరిపోయింది.

నా చూపు గమనించి, "తప్పా ఆంటీ? ముంగట చూసెటోడు ముంగటనే ఉంటడనుకున్న" అన్నాడు.

"నడిమి కొయ్య మీద ఉండాలి."

అజ్రా నుదురు కొట్టుకుంది. అఖ్తర్ చెయ్యి చాచాడు. "తీసేస్త. కొంచెం పెచ్చు లేస్తదేమో."

ఇరవై ఏళ్ళకు పైగా తప్పు కనిపిస్తే ఎర్ర సిరాతో దిద్దాను. దగ్గరికి వెళ్ళి చూశాను. పీపా నిటారుగా, గట్టిగా ఉంది.

"ఉండనీ అఖ్తర్. ఇది కొత్త యజమాని చేసిన మార్పు."

మాది పాత భవనం, మా అంతస్తులో లిఫ్టు ఆగదు. ఓడని దుప్పట్లో చుట్టి, ముగ్గురం ఒక అంతస్తు మెట్లు దిగాం. కొయ్యలు గోడకి తగలకుండా నేను ముందు నడిచాను.

లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే అఖ్తర్ అడిగాడు: "ఆంటీ, అక్కడ కొబ్బరికాయ కొట్టాల్నా?"

"కొట్టు. ముందు కీబోర్డు పక్కకి జరుపు."