పిట్ గోడ మీది నల్ల పలక

నేను ఒక రేకు పలకను. బళ్లో పిల్లల చేతికిచ్చే పలకను కాదు, దుకాణం ముందు ధరలు రాసిపెట్టే పలకనూ కాదు. రేసు ట్రాకు పక్కన, టీముల వాళ్లు నిలబడే పిట్ గోడ మీంచి, దూసుకుపోయే కారుకు చూపించే పలకను. కారు నా ముందు నుంచి పోవడానికి పట్టేది ఒక్క సెకను. ఆ సెకనులోనే డ్రైవరు నన్ను చదువుకోవాలి. అతను మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా, అంటే దాదాపు రెండు నిమిషాలు, నేను ఊరికే ఉండాలి. ఊరికే ఉండటం నావల్ల కాని పని. గాలికి నా కొక్కేలకున్న అంకెలు టకటకమంటూనే ఉంటాయి.

పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. పాత లారీ బాడీ విప్పగా మిగిలిన అల్యూమినియం రేకును గంగరాజు కత్తిరించి, అంచులు మడిచి, నల్లరంగు పూసి, మూడు వరసల్లో కొక్కేలు బిగించాడు. చిన్న రేకు ముక్కల మీద పసుపు రంగుతో అంకెలు రాశాడు. ముప్పై ఏళ్లు నంబరు ప్లేట్లు రాసిన చెయ్యి కాబట్టి వంద గజాల నుంచీ చదవచ్చు. పై వరసలో డ్రైవరు ఎన్నో స్థానంలో ఉన్నాడో ఉంటుంది, మధ్యలో అతని చివరి చుట్టు సమయం, కింద ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయో. మేం పాల్గొనే తరగతి పోటీల్లో కార్లకు రేడియోలు ఉండేవి కావు. హెల్మెట్‌లో తల దూర్చుకున్న మనిషికి లోకం నుంచి అందే మాట నేనొక్కదాన్నే. అందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది, ఉన్నమాట దాచడమెందుకు?

నా యజమాని సీతాపతి. ఆటోనగర్‌లో ఇంజన్ల షెడ్డు నడుపుకుంటూ, ఆ తలనొప్పి చాలక రేసు టీము కూడా పెట్టుకున్న మనిషి. ఏడాదికి ఆరేడుసార్లు కారును లారీకెక్కించి చెన్నై దాటి ట్రాకుకు తీసుకుపోయేవాడు. అక్కడ నేను చాలామంది టీము పెద్దల్ని చూశాను. మా పక్క గరాజు ఆయన, డ్రైవరు కాస్త వెనకబడితే చాలు, నలుగురిలో పెట్టి దులిపేస్తాడు. ఆ అవతలాయన జ్యోతిష్కుడికి ఫోను చేసి కారు రంగు మారుస్తాడు. మా సీతాపతి మాత్రం డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించే రకం. పల్లెత్తు మాట అనడు. ఒకే ఒక్కసారి తొందరపడ్డాడు, ఆ తొందర నా మీదే పెట్టించాడు.

నసీర్ అప్పుడు మా డ్రైవరు. విజయవాడలోనే వించిపేటలో లారీ మెకానిక్ కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. సీతాపతి షెడ్డులో పని నేర్చుకుంటూ స్టీరింగు పట్టి, మొదటి ఏడాదే మూడో స్థానం తెచ్చాడు. రెండో ఏడాది జూన్ పోటీలో రెండో స్థానంలో పోతున్నాడు. ముందున్న కారు కనిపించేంత దూరంలోనే ఉంది. సీతాపతికి ఆశ పుట్టింది. ‘ఇంకా తొక్కు’ అనడానికి మా దగ్గర ఒక ఎర్ర బాణం గుర్తు ఉండేది. దాన్ని నాకు తగిలించమన్నాడు. నసీర్ చూశాడు, తొక్కాడు, మూడో మలుపులో గోడకు కొట్టుకున్నాడు.

మెడ పక్క ఎముక విరిగింది. రెండు నెలల్లో అతికింది కూడా. కానీ ఆ తర్వాత మూడో మలుపు వచ్చేసరికి అతని కాలు అతని మాట వినడం మానేసింది. అందరికంటే ముందే బ్రేకు మీదికి పోయేది. అక్కడే అర సెకను, ఒక్కోసారి ముప్పావు సెకను ఖర్చయిపోయేది. సీతాపతి ఆ ఎర్ర బాణాన్ని పాత నూనె పీపాలో పడేశాడు. ఆ ప్రమాదం గురించి ఎవరూ ఎత్తకూడదన్నాడు. సాధన రోజుల్లో మూడో మలుపు దగ్గర బకెట్టు బోర్లించి దాని మీద కూర్చునేవాడు, నసీర్‌కు ధైర్యంగా ఉంటుందని. పడినచోటే పెద్దమనిషి దిగులు మొహంతో కూర్చుంటే ఎవరికి ధైర్యం వస్తుంది? మనుషుల ప్రేమ నాకు ఎప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు.

సీజను ఆఖరి పోటీకి ముందు, మాకు సాయం చేసే ఇంజనాయిల్ కంపెనీ ఆఫీసరు వచ్చాడు. సీతాపతినీ నసీర్‌నూ ఎదురుగా కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పాడు. ఈ పోటీలో మొదటి అయిదుగురిలో ఉంటే వచ్చే ఏడాది కారు నసీర్‌దే. లేకపోతే కోయంబత్తూరు నుంచి మరొకరిని తెస్తారు. నసీర్ తలూపాడు. సీతాపతి మాత్రం టీ గ్లాసు కింద పెట్టడం కూడా మర్చిపోయాడు.

గురు, శుక్రవారాలు సాధన. ఆ రెండు రోజులూ పోటీ నిర్వాహకులు సమయం లెక్కపెట్టరు. ఎవరి స్టాప్‌వాచీ వాళ్లది. మా వాచీ, టీముతో పాటే ట్రాకుకు వచ్చే గంగరాజు చేతిలో ఉంటుంది, అతను చూసిన అంకె నా మీదికి వస్తుంది. నా పుట్టుక నుంచీ అదే పద్ధతి. గురువారం నసీర్ మొదటి చుట్టు నిమిషం నలభై తొమ్మిది సెకన్ల మీద నాలుగు పాయింట్లు. నిమిషం అందరికీ తెలిసిందే కాబట్టి నా మీద 49.4 అని పెడితే చాలు. గంగరాజు నాలుగు తగిలించబోతుంటే సీతాపతి చెయ్యి పట్టుకుని, అర సెకను తగ్గించి పెట్టమన్నాడు. గంగరాజు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత 48.9 పెట్టాడు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మా దగ్గర నిలకడ ఎక్కడిది? ఒక్క సెకనులో నసీర్ ఆ అంకె చూసి నమ్మేశాడు. నాకు ఒళ్లంతా కంపరంగా ఉంది, దించేస్తే బాగుండునని ఉంది. కానీ అబద్ధం పనిచేసింది కూడా, అదే నాకు మింగుడు పడలేదు. శుక్రవారం అతను నిజంగానే 49.0కు వచ్చాడు. నా మీద 48.5 వేలాడింది. ఆ మధ్యాహ్నం నసీర్ పెరుగన్నం రెండోసారి వడ్డించుకున్నాడు. అది చూసి సీతాపతి, తన పాచిక పారిందని మురిసిపోయాడు.

శనివారం, పోటీలో ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే రోజు. ఆ రోజు నిర్వాహకులే సమయం లెక్కపెట్టి కాగితం అతికిస్తారు. దొరికిపోతామని సీతాపతి ఇక ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నాడు. నసీర్ మొదటి చుట్టు 48.8. గోడకు కొట్టుకున్న తర్వాత అంత వేగంగా ఎన్నడూ పోలేదు. గంగరాజు సంబరంగా నన్ను పైకెత్తాడు. కానీ నసీర్ మనసులో ఉన్నది నిన్నటి 48.5. రాత్రికి రాత్రి తను మళ్లీ నెమ్మదించాననుకున్నాడు. తర్వాతి చుట్టు 49.6, ఆ తర్వాత 49.9. చివరికి పదకొండో స్థానం.

గరాజులో హెల్మెట్ తీయకుండానే కూర్చున్నాడు. సీతాపతి చాలాసేపు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. గోడకు ఆనించి ఉన్న నన్ను రెండుసార్లు కాలితో తన్నాడు, చూసుకోక. చివరికి ఎదురుగా టైరు మీద కూర్చుని జరిగింది చెప్పాడు.

నసీర్ హెల్మెట్ తీశాడు. “అంటే ఇయ్యాల నేను తగ్గలేదా?”

“తగ్గలేదురా. నిన్నటికంటే మేలు. నిన్నటి అంకెలే అబద్ధం.”

“మీక్కూడా నావల్ల కాదనిపించింది గదా, గురూగారూ.”

“నీ మీద అపనమ్మకం కాదురా. ఆ రోజు బాణం పెట్టించింది నేను. నీకు చెడ్డ అంకె చూపించాలంటే నా చెయ్యి రావట్లా.”

నసీర్ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. చేతి తొడుగులు మడిచి హెల్మెట్‌లో పెట్టుకున్నాడు. “రేపు ఉన్నదే పెట్టండి. ఎంత పాడుగున్నా సరే. గంగరాజు బాబాయి కాదు, మీరే పట్టుకోండి.”

ఆదివారం పన్నెండు చుట్లు. సీతాపతి నన్ను పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. అరచేతుల చెమట నా అంచులకు అంటుకుంటోంది. మొదటి మూడు చుట్లూ 49 పైనే. పెట్టాడు. నాలుగో చుట్టు మరీ ఘోరం, 49.8. ఆయన చెయ్యి ఎనిమిది దగ్గర ఆగి, పక్కనున్న రెండు మీదికి పోయింది. గంగరాజు వాచీ మీది నుంచి కళ్లు ఎత్తలేదు. నేనైతే టకటకలాడుతూనే ఉన్నాను, నాకు నోరుంటే అరిచేదాన్ని. కారు మోత దగ్గరైంది. సీతాపతి ఎనిమిదే తగిలించి, కళ్లు మూసుకుని నన్ను గోడ మీంచి బయటికి చాపాడు.

అయిదో చుట్టు 49.1. ఆరు, 48.7. నసీర్ ఇద్దరిని దాటాడు, మరో ఇద్దరు తమంత తామే గడ్డిలోకి పోయారు. పై వరసలో నా అంకె పదకొండు నుంచి ఎనిమిదికి, ఏడుకు దిగింది. తొమ్మిదో చుట్టు 48.4. మూడో మలుపులో ఏం జరుగుతోందో మాకు కనపడదు, వినడమే. బ్రేకు వేసినప్పుడు ఇంజను మోత తగ్గడం ఒక్కో చుట్టుకూ కాస్త కాస్త ఆలస్యమవుతోంది. సీతాపతి ఆ మోత కోసమే చెవి పెట్టాడు. ఆఖరి చుట్టులోకి పోతుండగా నసీర్ ఆరోవాడు. ముగింపు గీత దగ్గర అయిదో కారును సగం కారు దూరంతో దాటాడు.

గంగరాజు వాచీని పైకెత్తి చూపించాడు. చివరి చుట్టు 48.2. నసీర్ జన్మలో అంత వేగంగా పోలేదు. మేం అల్లిన అబద్ధం కంటే అది మూడు పాయింట్లు మెరుగు. సీతాపతి కళ్లు తుడుచుకుంటూ పైన 5, మధ్యలో 48.2 పెట్టి, నన్ను గుండెకు ఆనించుకుని గరాజు ముందు నిలబడ్డాడు. ఆఫీసరు అప్పటికే సీతాపతితో చెయ్యి కలిపి, వచ్చే ఏడాది కారు నసీర్‌దేనని చెప్పేసి వెళ్లాడు.

నసీర్ కారు దిగాడు. నన్ను చూశాడు. సీతాపతిని కౌగిలించుకున్నాడు, ఇద్దరి మధ్యా నేను నలిగాను. తర్వాత సీతాపతి భుజం తట్టి, హెల్మెట్ చంకన పెట్టుకుని, నిర్వాహకులు కాగితం అతికించే గది వైపు నడిచాడు. అంకె సరిచూసుకోవడానికి.

ఇప్పుడు నేను షెడ్డులో కంప్రెసర్ వెనక ఉన్నాను. కార్లకు రేడియోలు వచ్చాక నా అవసరం తీరింది. కంప్రెసర్ ఆడిన ప్రతిసారీ మిగిలిన అంకెలు టకటకమంటాయి, నాకింకా ఎవరో వస్తున్నట్టే ఉంటుంది. నసీర్ ఆ తర్వాత మూడేళ్లు మా కారే నడిపాడు, రెండుసార్లు గెలిచాడు. సీతాపతిని తండ్రిలా చూసుకున్నాడు. కానీ ప్రతి పోటీ అయ్యాక ముందు ఆ కాగితం దగ్గరికి వెళ్లేవాడు, తర్వాతే మా దగ్గరికి. అతను తిరిగి వచ్చి తలూపేదాకా సీతాపతి నన్ను పట్టుకుని అలాగే నిలబడేవాడు. ఒక్కసారీ ఎందుకని అడగలేదు.