వెడల్పు కళ్ళ వల

కుడికాలి బొటనవేలికి వల అంచు తగిలించి, ఎడమచేత్తో బిగలాగి, దారం చుట్టిన చెక్కసూదిని అడుగు నుంచి పైకి తీసి ముడి వేసింది. వల కన్ను సైజు చూసుకునే చెక్కముక్కను ముడికి ఆనించింది. సరిపోయింది. మళ్ళీ ముడి.

ఈ వల సముద్రానికి పోయేది కాదు. సాయంత్రం కూడలిలో రెండు కర్రల మధ్య కట్టి జనానికి చూపించడానికి. కళ్ళు ఇంత వెడల్పుగా ఉంటే పిల్లచేప జారిపోయి బతుకుతుంది. అందరూ ఇలాంటి వలలే వాడాలనీ, తీరం దగ్గర పెద్ద పడవలు సముద్రం అడుగు గీకకుండా గట్టి చట్టం తేవాలనీ ఊరి బడి టీచరమ్మ కొంతమందిని వెంటేసుకుని నెలల తరబడి మైకులో అడుగుతోంది.

రేవులో అందరూ ఆమెను వలక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిచే మనిషి పోయి చాలాకాలమైంది.

"పొద్దున పెద్ద పడవల వలలకి చిల్లులు పూడుస్తావు, సాయంత్రం ఆ వలలే వద్దంటావు. నీతో వేగడం కష్టం వలక్కా," అన్నాడు ఎదుటి తాళ్ళ దుకాణం ముసలాయన.

"మిమ్మల్నెవరు వేగమన్నారు మామా? తాళ్ళు అమ్ముకోండి," అంది తలెత్తకుండా.

దగ్గర్లో చేప తగ్గేకొద్దీ పడవలు దూరం పోవడం మొదలుపెట్టాయి. ఆమె మొగుడూ అలాగే పోయాడు. పడవ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. ఇప్పుడు ఆ ఒంటిగదిలో ఉన్నది ఆమే, తమ్ముడూ. వాడు వేటకెళ్ళిన రాత్రుళ్ళు తలుపుకి గొళ్ళెం పెట్టదు. గాలికి తలుపు కదిలితే లేచి కూచుంటుంది. దగ్గరి నీళ్ళలో చేప ఉంటే మగవాళ్ళు పొద్దుగూకేసరికి ఇల్లు చేరతారు. చట్టం గురించి ఆమెకు తెలిసింది అంతే.

మధ్యాహ్నం తమ్ముడు పనిచేసే పడవ యజమాని వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు వలను ఈడ్చుకొచ్చి ఆమె ముందు పడేశారు. వాళ్ళ వెనక తమ్ముడు, నేల చూస్తూ.

"ఏంటిది?" అన్నాడు యజమాని.

ఆమె చూడగానే పోల్చుకుంది. పోయిన వారం తను పూడ్చిన చిల్లే. సన్నకళ్ళ వల నడిమధ్యన కిటికీ తెరిచినట్టు వెడల్పు కళ్ళ అతుకు. కూడలి వల అల్లుతూ అల్లుతూ మధ్యలో దీన్ని చేతికి తీసుకుంది. చెక్కముక్క మార్చుకోవడం మరిచింది. అలవాటు పడ్డ వేళ్ళు అదే కొలతతో అల్లుకుపోయాయి.

"చెయ్యి తప్పిందయ్యా. ఊడదీసి మళ్ళీ కట్టి ఇస్తా."

"వేటంతా ఆ అతుకులోంచే పోయింది. చట్టం రాకముందే నా పడవ మీద అమలు చేశావన్నమాట."

వల ఈడ్చుకొచ్చిన ఇద్దరూ నవ్వారు. యజమాని నవ్వలేదు.

"ఇవాళ కూడలికి పోకుండా ఇంట్లో కూచో, చెయ్యే తప్పిందని నమ్ముతా. పోయావా, ఈ రేవులో ఏ పడవా నీ తమ్ముణ్ణి ఎక్కించుకోదు."

ఇంటికొచ్చి తమ్ముడికి అన్నం పెట్టింది.

"కావాలని చెయ్యలేదురా."

"తెలుసక్కా. కావాలని చేస్తే అంత చక్కగా వచ్చేది కాదు."

ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆమె అడిగింది, "వెళ్ళనా, మాననా?"

"నన్నడక్కు. ఉండమంటే ఉండిపోతావు." వాడు చెయ్యి కడుక్కున్నాడు. "పై రేవులో పడవలెక్కే మావాడొకడు ఎప్పట్నించో రమ్మంటున్నాడు."

"ఎంత దూరం?"

"బస్సు దిగి మళ్ళీ బస్సెక్కాలి."

అక్కడి పడవలు ఒకసారి పోతే నెలలకి గానీ రావని ఆమె విన్నది. గుమ్మం దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది, మూత పెట్టిన గిన్నెకే మళ్ళీ మూత సర్దింది. తను ఇంట్లో కూచుంటే వాడు ఈ యజమాని పడవలోనే ఉంటాడు. ఆ పడవ ఏటేటా ఇంకాస్త దూరం పోతుంది. వల చుట్టి భుజాన వేసుకుంది.

"నేనొచ్చేదాకా ఉండరా," అంది. వాడు తల ఊపాడో లేదో గది లోపలి మసక వెలుగులో సరిగా కనిపించలేదు.

అతుకు కబురు అప్పటికే కూడలికి చేరింది. టీచరమ్మ మైకులో గొంతు పెంచింది. "ఈ తల్లి తన కూటికే ఎసరు పెట్టుకుని, యజమాని వల కళ్ళనే మార్చేసింది." చప్పట్లు.

వలక్క మైకు దగ్గరికి జరిగింది. "అమ్మా, నేను కావాలని చెయ్యలేదు. చెయ్యి తప్పింది."

చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. "చూడండి, ఎంత అణకువో," అన్నారెవరో. ఆమె మరోసారి చెప్పబోయి మానుకుంది. నమ్మినవాడు ఒక్కడే, వాడు ఇక్కడ లేడు.

వల కట్టిన కర్ర పట్టుకుని నిలబడింది. గాలి బాగా లాగుతోంది. జనం మధ్యలోంచి హారన్ కొడుతూ బస్సొకటి మెల్లిగా వచ్చింది. వెనక కిటికీలో తమ్ముడు. ఒళ్ళో సంచి. వాడు చెయ్యెత్తాడు. ఆమె రెండు చేతులూ కర్ర మీదే ఉన్నాయి. వదిలితే వల జనం మీద పడుతుంది. గడ్డం ఎత్తి చూపించింది, చూస్తున్నానని. బస్సు మలుపు తిరిగింది.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. తలుపు బయట గొళ్ళెం పెట్టి ఉంది. అన్నం తిన్న కంచం కడిగి బోర్లించి ఉంది. చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. పెరటి తలుపు తీసింది.

తీగ మీద వాడి నీలం చొక్కా, వెళ్ళేముందు వాడే ఉతికి సరిగా పిండకుండా ఆరేసింది, చేతుల చివర్ల నుంచి ఇంకా ఒక్కో చుక్కా గచ్చు మీద పడుతోంది.