రెండో వీలునామా

తప్పు నాది. ముందే ఒప్పుకుంటే మనసు కాస్త తేలికపడుతుందనుకున్నాను, పడటం లేదు.

నా పేరు కాశీవిశ్వనాథం. ముప్పై ఏళ్ళుగా రిజిస్ట్రాఫీసు పక్కన పెంకుటింటి అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాస్తున్నాను. వచ్చిన ప్రతి సబ్ రిజిస్ట్రారూ నా దస్తూరి చూసి మెచ్చుకునేవాడు, ఆ పొగరు నాకు బాగానే ఉండేది. చెయ్యి అలవాటుపడితే బుర్ర నిద్రపోతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

1981 ఫిబ్రవరిలో సీమోను అనే ముప్పై ఏళ్ళ మనిషి కొబ్బరికాయల వ్యాపారి అంజిబాబుని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పనపల్లి దగ్గరున్న ఎకరం తోటలో తన వాటా అమ్ముతున్నానన్నాడు. తోట వాళ్ళ నాన్న నతానియేలు మేష్టారిది. నేను రోజూ రాసే మాటలే రాసేశాను: "తండ్రిగారితో పాటు నాకు జన్మతః సంక్రమించిన అర్ధభాగము." హిందువుల ఇళ్ళల్లో తాతల నాటి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంటుంది. క్రైస్తవులకి అలా లేదు. తండ్రి బతికున్నంతకాలం ఆస్తంతా తండ్రిదే, కొడుక్కి ఉండేది ఆశ. ఆశని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ఇది నాకు తెలియనిది కాదు. ఆ పూట గుర్తు రాలేదు, అంతే.

అంజిబాబు కంచె వెయ్యడానికి వెళితే మేష్టారు కర్ర పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. ఆ తోట ఆయన బడిజీతంలో మిగిల్చి కొన్నది. ఒకప్పుడు ఆ నేలలోనే వాళ్ళ నాన్న పాలేరుగా చేశాడు. సంగతి బయటపడగానే సీమోను ఊరొదిలి పోయాడు.

అంజిబాబు నా మీద పడి రభస చేస్తాడని వారం రోజులు భయపడ్డాను. వచ్చాడు, కానీ నవ్వుతూ వచ్చాడు. అరటాకులో పనసతొనలు కూడా తెచ్చాడు.

"అమలాపురంలో ప్లీడరుగారికి చూపించేనండీ. ఇయ్యాళ ఇది చిత్తుకాగితవేనంటండీ. కానండీ, వాటా ఉన్నట్టే మీరు రాసేరు గదండీ, నేను నమ్మి కొన్నాను గదండీ. ఆ తోట ఎప్పుడు సీమోను చేతికొస్తే అప్పుడు నా సగం నాకొచ్చేసినట్టేనంటండీ. మీ రాతే నన్ను కాపాడిందండీ."

"మేష్టారుండగా రాదుగా," అన్నాను.

"ఆయ్. ఆయనుండగా రాదండీ."

ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. "ఆయన పోయినా రాదు. తోట మొత్తం మొన్ననే కూతురు సువర్ణకి రాసేశారు. నేనే రాశాను," అన్నాను గబగబా.

నవ్వు ఆగింది. "దానం రిజిస్ట్రీయాండీ, వీలునామాయాండీ?"

"వీలునామా."

నవ్వు మళ్ళీ వచ్చింది. పనసతొనలు నా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఆగస్టులో సీమోను ఇంటికి తిరిగొచ్చాడు. అంజిబాబు కొబ్బరికాయల లారీలోనే దిగాడని చూసినవాళ్ళు చెప్పారు. తండ్రి కాళ్ళ మీద పడి ఏడ్చాడట. పొద్దున్నే పాలు కాచి ఇస్తున్నాడని, వంట కూడా తనే చేస్తున్నాడని మేష్టారు కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయారు. ఆ పాల మాట విన్నప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

అక్టోబరులో తండ్రీకొడుకులు పడవలో ఏరు దాటి వచ్చి నా అరుగెక్కారు. సందు మొదట్లో అంజిబాబు మోటారుసైకిలు మీద కూర్చుని ఉన్నాడు.

"పాతది రద్దు చేసి కొత్తది రాయాలండీ పంతులుగారూ. తోట మావాడికి," అన్నారు మేష్టారు.

సాక్షుల్ని పిలుచుకురమ్మని సీమోనుని పంపేసి, ప్లీడరు చెప్పిందంతా ఆయన చెవిన వేశాను.

"ఇప్పటిదాకా మీరు పోతే వాళ్ళకి ఒరిగేదేమీ లేదండీ. ఇది రాస్తే ఉంటుంది. నా మాట వినండి, తోట ఇవాళే సువర్ణమ్మకి దానం కింద రిజిస్ట్రీ చేసెయ్యండి. దానవంటే ఇవాళే ఆవిడదైపోద్ది, ఇంక వెనక్కి రాదు. మీరున్నన్నాళ్ళూ ఫలసాయం మీదేనని రాస్తాను. అప్పుడు మీ జోలికి ఎవడూ రాడండీ."

మేష్టారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు.

"మావాడు నన్ను చంపుతాడంటారాండీ?"

"అలా అనటం లేదండీ."

"మరి వాడు పాలు కాసిచ్చేది తోట కోసవేనంటారా?"

"తెలీదండీ."

"నాకూ తెలీదండీ. రెణ్ణెల్లనుంచీ అదే ఆలోచన. తోట సువర్ణకిచ్చేస్తే వాడు రేపే ఎల్లిపోవచ్చు. ఉండిపోనూ వచ్చు. కానీ ఎల్లిపోతే నేను తట్టుకోలేనండీ. రాయండి."

నాకు కోపం ముంచుకొచ్చింది. రాయనన్నాను. ఇంకొకరి చేత రాయిస్తానన్నారు, అరవకుండా, ఎంతో మర్యాదగా. ఇంకొకడు రాస్తే ఆయన మనసు మార్చడానికి నేను పక్కన కూడా ఉండను. అందుకని నేనే మొదలుపెట్టి, రాస్తూ రెండుసార్లు కలం ఆపి ఆయన మొహం చూశాను, ఆయన మనసు మారలేదు. సంతకాలయ్యాయి, లోపల రిజిస్ట్రీ కూడా అయిపోయింది.

బయటికొచ్చాక సీమోను నన్ను అడిగాడు. "పంతులుగారూ, ఇంక దీన్ని మార్చడం కుదరదు గదండీ?"

చట్టం విషయంలో నేను తెలిసి ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు చెబుదామనే నోరు తెరిచాను. కుదరదు నాయనా, ఇక ఇంతే అంటే చాలు. ఆ ముసలాయన తన సమయానికి తను పోవచ్చు, ఎవరికీ తొందర ఉండదు.

మేష్టారు ముందే అందుకున్నారు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, బళ్ళో తెలివైన పిల్లవాడికి పాఠం చెప్పినంత ముచ్చటగా చెప్పారు.

"ఎందుకు కుదరదురా? వీలునామా గదా. నేను బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు."

సీమోను సందు మొదటికి ఒకసారి చూశాడు.

"ఆయ్," అన్నాడు. "పడవెళ్ళిపోద్ది నాన్నగారూ, రండి."