తాకట్టు మేడ

కల్పలత అన్నం దించుకునేదాకా కూడా వాళ్లు ఆగలేదు. పొయ్యి ఆర్పి, ఆమెను బయటికి నెట్టి, గదికి తాళం వేసి సీలు కొట్టారు. బోయిగూడలోని మా పాత మేడలో వాళ్లు సీలేసిన మొదటి గది అది. మిగతా గదులవాళ్లం తలుపు సందుల్లోంచి చూశాం. ఒక్కరం బయటికి రాలేదు. కిరాయిదార్ల సంఘమంటూ లేనివాళ్ల భయం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

వచ్చినవాళ్లు ఫైనాన్స్ కంపెనీ మనుషులు. వాళ్ల దగ్గర అప్పు చేసింది మేం కాదు, మా ఓనరు సత్యదేవ్. యాప్రాల్‌లో అపార్ట్‌మెంట్లు కడతానని మా మేడను తాకట్టు పెట్టాడు. కట్టడం సగంలో ఆగింది, వాయిదాలూ ఆగిపోయాయి.

సాయంత్రం మా మేడలోనే ఉండే భద్రయ్య ఇస్త్రీ కొట్టు ముందు గుమిగూడాం. గోదావరి వైపు నుంచి వచ్చి షాపులకు లెక్కలు రాసే జోగారావు, కంపెనీవాళ్లు ఎంతిస్తే అంత పుచ్చుకుని ఖాళీ చేయడం మేలన్నాడు. ఆడపిల్ల ఉన్న తన ఇంటికి పోలీసులు వస్తే ఎలాగని ఆయన భయం. భద్రయ్య ఆయన్ను పిరికోడన్నాడు. ఇద్దరూ కలబడేలోగా మేం కబురుపెట్టిన వకీలు హిమజ వచ్చింది.

బాకీ మొండిపడితే కంపెనీ నోటీసిచ్చి, దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చని, వేలం వేయొచ్చని, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో పోలీసులనూ తెచ్చుకోవచ్చని ఆమె చెప్పింది. సత్యదేవ్ మీద అప్పుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కెళ్లి అతని వేరే ఆస్తులూ జప్తు చేయించొచ్చట. తాకట్టుకు ముందునుంచే కిరాయికున్న మా తరఫునా అక్కడే అర్జీ వేద్దామంది. గెలుస్తామని మాత్రం మాటివ్వలేదు.

"మరి సత్యదేవ్ బంగ్లా మీదికి ఎందుకు పోరు?" అని కల్పలత అడిగింది.

"ఆడ గేటు కాడ గన్‌మ్యాన్ ఉన్నడు," అన్నాడు భద్రయ్య. "ఈడ భయపడేటోళ్లం మనమున్నం."

అర్జీ వేశాం. అది విచారణకు రాకముందే, మేడను కంపెనీకి అప్పగించమని మేజిస్ట్రేటు పంపిన కోర్టు కమిషనర్ పోలీసులతో దిగాడు. మేం మెట్లనిండా కూర్చున్నాం. ధైర్యం వచ్చి కాదు, వెళ్లే చోటు లేక. భద్రయ్య భార్య విమలమ్మ నా చేయి పట్టుకుంది. 

లేవకపోతే కేసులేనన్నాడు ఇన్‌స్పెక్టర్. జోగారావు లేచాడు. ఇక మా పని అయిపోయిందనుకున్నాం. ఆయన కిందికి దిగి కమిషనర్ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా అర్జీ ట్రిబ్యునల్‌లో ఉందండి. అది తేలేదాకా మేం లేవమండి."

  ఆయన్ను కాలర్ పట్టి వ్యాన్‌లోకి తోశారు. అడ్డం వెళ్లిన కల్పలతనూ ఎక్కించారు. మేమంతా లేవబోతుంటే భద్రయ్య ఆపాడు.

"అందరం పోతే మేడ ఖాళీ అయితది. జరుగుర్రి, కూసోర్రి."

ఒకరిని లాగితే పైనున్నవాళ్లం కిందికి జరిగి ఆ చోట కూర్చున్నాం. భద్రయ్యనూ లాక్కెళ్లారు. మళ్లీ జరిగాం. ఏడుస్తూనే జరిగాం. చివరికి గల్లీలో జనం చేరడం చూసి, ఇవాళ్టికి కుదరలేదని రాసుకుని కమిషనర్ వెనుదిరిగాడు. పట్టుకున్నవాళ్లను మాత్రం వదల్లేదు.

పొద్దుగూకేసరికి, వాళ్లను వదలమని ఠాణా ముందు కూర్చున్నాం. పక్క గల్లీ ఆడవాళ్లూ వచ్చారు. వాళ్ల ఓనరు కూడా అదే కంపెనీకి తాకట్టు పెట్టాడట. పోలీసులు మళ్లీ వస్తారా అని వాళ్లలో ఒకామె నన్ను మెల్లగా అడిగింది.

"వస్తరు," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. విమలమ్మ జరిగి చోటిచ్చింది. ఆమె కూర్చుంది.